మింబర్, పుల్‌పిట్, కందీలు: ఈ మాటలు ఎవరివి?

మా మొహల్లా మసీదులో పాత మింబర్‌కి చెదలు పట్టాయి. మూడు మెట్లలో మధ్య మెట్టు మీద ఖతీబ్ సాబ్ కాలు పెడితే చాలు, కిర్రుమనేది. కొత్తది చేయించాలని కమిటీ నిర్ణయించింది. టేకు చెక్క కొని, పక్క వీధి వడ్రంగి మేస్త్రికి పని అప్పజెప్పారు. ఆయన క్రైస్తవుడు. చుట్టుపక్కల చర్చిలకు బల్లలు, కుర్చీలు, పుల్‌పిట్‌లు చేసేది ఆయనే. మా ఇంటి తలుపులూ ఆయన చేతివే.

అడ్వాన్సు ఇచ్చిన రెండో రోజు, ఇషా నమాజ్ అయ్యాక ఒక కుర్రాడు లేచాడు. "చర్చికి పుల్‌పిట్ చేసే మనిషితో మన మింబర్ ఎలా చేయిస్తారు? రెండూ ఒకటే సామాను అనుకుంటున్నారా?" అన్నాడు. ఇంకో నలుగురు అవునన్నారు. సదర్ సాబ్ ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి పని ఆగింది. చెక్క మేస్త్రి షెడ్డులో పడి ఉంది. ఆయన కూడా ఏమీ అడగలేదు. కానీ వీధిలో కనబడితే సలాం కొట్టే మనిషి, తల దించుకుని పోవడం మొదలుపెట్టాడు.

సదర్ సాబ్ నన్ను పిలిచి, "బేటా, నువ్వు వార్తలు రాస్తావు కదా. మింబర్ అంటే ఏంటి, పుల్‌పిట్ అంటే ఏంటి, ఎక్కడి నుంచి వచ్చాయి, చూసి చెప్పు. జుమా లోపు ఇది తేలాలి" అన్నారు.

నేను చదివింది బి.కాం. ఆలిమ్‌ని కాను. ఫత్వా ఇవ్వడం నా పని కాదు, అది హజ్రత్ చూసుకుంటారు. కానీ ఖాతా పుస్తకాలు చూడ్డం వచ్చు కాబట్టి, ఈ మాటల ఖాతా కూడా అలాగే తీశాను. ఏ మాట ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఎవరి చేతికి పోయింది అని. అందులో దొరికింది మీ ముందు పెడుతున్నాను.

పుల్‌పిట్ అంటే నాటకాల అరుగు

ముందు గొడవకు కారణమైన మాటే చూద్దాం. పుల్‌పిట్ అనేది లాటిన్ భాషలో 'పుల్పితుమ్'. దానికి అసలు అర్థం ఎత్తయిన చెక్క అరుగు. రోమన్ల కాలంలో నటులు నిలబడి నాటకం ఆడే వేదికను కూడా ఆ మాటతోనే పిలిచేవాళ్లు. తర్వాత చర్చిలో బోధకుడు నిలబడే చోటికి ఆ పేరు వచ్చింది. అంటే ఆ మాట పుట్టుకలో మతం ఏమీ లేదు. జనానికి కనబడాలి, గొంతు వినబడాలి, అంతే.

మరి మింబర్? అరబ్బీ నిఘంటువులు దీన్ని 'న-బ-ర' అనే ధాతువు కింద చూపిస్తాయి. ఎత్తడం, పైకి లేపడం అని అర్థం. భాషా పరిశోధకుల్లో కొందరు ఇంకో దారి చూపిస్తారు. ఇథియోపియా పాత భాష గీజ్‌లో 'మన్‌బర్' అంటే కూర్చునే చోటు, ఆసనం. మింబర్ అక్కడి నుంచి అరబ్బీలోకి వచ్చిందని వాళ్ల మాట.

ఇథియోపియా అంటే మనకు పరాయి దేశం కాదు. హబషా అంటే అదే. సుమారు 615లో మక్కా వేధింపులు తట్టుకోలేక ముస్లింలు మొదటి హిజ్రత్ చేసింది ఆ దేశానికే. ఆశ్రయం ఇచ్చిన నజాషీ రాజు అప్పటికి క్రైస్తవుడు. ఈనాటికీ ఇథియోపియా చర్చిల్లో అతి పవిత్రమైన పలకను పెట్టే పీఠాన్ని 'మన్‌బర తాబోత్' అంటారు. తాబోత్ అనే మాట కూడా మనకు కొత్త కాదు. తాబూత్ అంటే పెట్టె అని మనకు తెలుసు, ఖుర్ఆన్‌లో మూసా (అలై) గాథలోనూ ఆ మాట ఉంది.

ఇంకో సంగతి. మొదట్లో దైవప్రవక్త (స) మదీనా మసీదులో ఖర్జూరపు మాను దగ్గర నిలబడి ఖుత్బా ఇచ్చేవారు. తర్వాత అన్సార్ మహిళ ఒకామెకు కబురు పెట్టి, ఆమె దగ్గర పనిచేసే వడ్రంగితో మింబర్ చేయించుకున్నారు. చెక్క గాబా అడవిలోనిది. ఇది సహీహ్ బుఖారీలో ఉన్న విషయం. అంటే మన మొదటి మింబర్ కూడా ఒక పనివాడికి ఆర్డర్ ఇచ్చి చేయించిన చెక్క సామానే.

బిషప్ కుర్చీ ఉంటేనే కెథడ్రల్

మెదక్ చర్చి చూడనివాళ్లు తక్కువ. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైంది. దాన్ని కెథడ్రల్ అంటారు. పెద్దది కాబట్టి అలా అంటారని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. అది కాదు. గ్రీకు భాషలో 'కథెద్రా' అంటే కూర్చునే ఆసనం. బిషప్ కుర్చీ ఏ చర్చిలో ఉంటుందో అది కెథడ్రల్. మెదక్ చర్చి సి.ఎస్.ఐ. మెదక్ డయోసిస్ బిషప్ స్థానం కాబట్టి దానికి ఆ పేరు. చిన్న చర్చి అయినా బిషప్ కుర్చీ ఉంటే కెథడ్రలే. ఇంగ్లీషులో చెయిర్ అనే మాటకు కూడా మూలం ఇదే కథెద్రా.

మన వైపు చూస్తే, కుర్సీ. ఆయతుల్ కుర్సీ చిన్నప్పుడే నేర్చుకుంటాం. కుర్సీ అనే మాట అరబ్బీలోకి రాకముందు అరామిక్ భాషలో 'కుర్సియా'గా ఉంది. అంతకుముందు ఇరాక్ ప్రాంతపు అక్కాడియన్ భాషలో దాని పూర్వరూపం 'కుస్సు'. అక్కడి నుంచి అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ మీదుగా వచ్చి తెలుగులో 'కుర్చీ' అయింది. మన ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ అని పిలిచే దాని పేరు వయసు నాలుగు వేల ఏళ్ల పైమాటే.

ఖుర్బానీ, ఖుర్బానా

చర్చిలో ముఖ్యమైన చోటు ఆల్టర్. మన తెలుగు కథోలికులు బలిపీఠం అంటారు. ప్రొటెస్టెంట్ సంఘాల్లో ఎక్కువగా 'ప్రభు బల్ల' అని, లేకపోతే ఉత్త 'బల్ల' అని అంటారు. మా మేస్త్రి కూడా ఆల్టర్ అనడు. "ఫలానా చర్చికి బల్ల చేశా" అంటాడు.

కేరళలోని సిరియన్ క్రైస్తవుల దగ్గరికి వెళ్తే మాటలు మనకు బాగా దగ్గరగా వినిపిస్తాయి. వాళ్ల ప్రార్థనల పాత భాష సిరియాక్. అది అరామిక్‌లో ఒక రూపం, అరబ్బీకి దగ్గరి చుట్టం. వాళ్ల ప్రధాన ఆరాధన పేరు 'ఖుర్బానా'. ఆల్టర్ ఉండే చోటు పేరు 'మద్‌బహా'.

ఖుర్బానా అంటే సమర్పణ. 'ఖ-ర-బ' అంటే దగ్గర కావడం. బక్రీద్ నాడు మనం చేసే ఖుర్బానీకీ అదే ధాతువు. మద్‌బహా అంటే జబహ్ చేసే చోటు. మనం జబీహా అంటాం కదా, అదే కుటుంబం. అరబ్ దేశాల క్రైస్తవులు కూడా ఆల్టర్‌ని 'మజ్‌బహ్' అనే అంటారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పదం ఒకటైనంత మాత్రాన విశ్వాసం ఒకటి కాదు. ఖుర్బానాలో రొట్టె, ద్రాక్షరసం ఉంటాయి, అది వాళ్ల నమ్మకానికి సంబంధించింది. మన ఖుర్బానీ ఇబ్రాహీం (అలై) సున్నత్. తేడా తెలియాలి, తెలుసుకోవాలి. కానీ తేడా ఉంది కాబట్టి మాటకు చుట్టరికం లేదని అనలేం.

కందీలు ఎక్కడిది?

తెలంగాణ పల్లెల్లో లాంతరును కందీలు అంటారు. కరెంటు పోతే మా నానీ కూడా "కందీలు తీసుకురా" అనేది. ఇది అరబ్బీ 'ఖందీల్'. మసీదుల్లో వేలాడే దీపాలకు ఆ పేరే. అరబ్బీకి అది సిరియాక్, గ్రీకుల మీదుగా వచ్చింది. మూలం లాటిన్ 'కాందేలా'. మెరవడం, తెల్లగా వెలగడం అనే అర్థం ఉన్న మాట నుంచి పుట్టింది.

అదే కాందేలా నుంచి ఇంగ్లీషు క్యాండిల్ వచ్చింది. చర్చిలో వెలిగించే కొవ్వొత్తి, పెద్ద మసీదుల్లో వేలాడే షాండ్లియర్, మా నానీ కందీలు, ఈ మూడూ ఒకే ఇంటి పిల్లలు. ఒకటి యూరప్ దారిలో వచ్చింది, ఇంకొకటి అరబ్ దారిలో వచ్చింది. రెండూ మన వీధిలో కలుసుకున్నాయి.

మినార్ కూడా వెలుతురు మాటే. 'మనారా' అంటే వెలుగు ఉండే చోటు, దీపస్తంభం. నూర్, నార్ దాని చుట్టాలు. యూదుల ఏడు కొమ్మల దీపం పేరు 'మెనోరా', అదీ ఈ కుటుంబమే.

చిన్న ఇల్లు అనే వస్త్రం

కథోలిక చర్చిల్లో ఫాదర్‌లు పూజ సమయంలో ప్రత్యేక వస్త్రాలు వేసుకుంటారు. పండుగ రోజున బయటి నుంచి చూసినా కనిపిస్తాయి. వాటి పేర్లు విన్నప్పుడు ఏదో రహస్యమైన అర్థం ఉంటుందనిపిస్తుంది. విప్పి చూస్తే అన్నీ మామూలు బట్టల పేర్లే.

లోపల వేసుకునే పొడవాటి తెల్ల అంగీ పేరు ఆల్బ్. లాటిన్‌లో 'ఆల్బస్' అంటే తెలుపు. పేరుకు అర్థం ఉత్త 'తెల్లది'.

పైన వేసుకునే రంగుల వస్త్రం చాసుబుల్. లాటిన్‌లో 'కాసులా', అంటే చిన్న ఇల్లు, గుడిసె. తల దూర్చుకునే రంధ్రంతో ఒళ్లంతా కప్పే ఈ బట్టను రోమన్ల కాలంలో మామూలు జనం ప్రయాణాల్లో వానకు, చలికి వేసుకునేవాళ్లు. మనిషికి గుడిసెలా ఉంటుంది కాబట్టి ఆ పేరు. కాలం మారి జనం బట్టలు మారాయి, చర్చిలో మాత్రం పాతదే నిలిచిపోయింది.

మెడ చుట్టూ వేసుకునే పొడవాటి పట్టీ పేరు స్టోల్. గ్రీకులో 'స్తోలే' అంటే బట్ట, అంతే. ఇంకొకటి సర్ప్లిస్, తెల్లటి వదులు పైఅంగీ. దీని లాటిన్ పేరుకు అర్థం 'బొచ్చు బట్ట మీద వేసేది'. యూరప్ చర్చిలు చలికి గడ్డకట్టేవి. గురువులు లోపల గొర్రె బొచ్చు కోట్లు వేసుకునేవాళ్లు. వాటి మీద పట్టేలా వదులుగా కుట్టిన బట్ట ఇది. మన దగ్గర మే నెలలో ఎవరైనా సర్ప్లిస్ వేసుకుంటే, లోపల బొచ్చు కోటు లేనందుకు సంతోషించాలి.

వీటన్నిటిలో నన్ను ఆపేసిన మాట ఇంకొకటి ఉంది. ఇటలీలో ఆల్బ్‌ని 'కామిచే' అంటారు. అది పాత లాటిన్ 'కమీసియా' నుంచి వచ్చింది. చాలామంది భాషా పరిశోధకులు అరబ్బీ 'ఖమీస్'ని కూడా ఈ కమీసియాతోనే కలుపుతారు. ఖమీస్ అంటే సూరె యూసుఫ్ గుర్తుకు రావాలి. అన్నలు నెత్తురు పూసి తెచ్చిన ఖమీస్, వెనుక నుంచి చిరిగిన ఖమీస్, యాఖూబ్ (అలై) చూపు తిరిగి రావడానికి కారణమైన ఖమీస్. మన ఆడవాళ్లు వేసుకునే కమీజ్, ఇటలీ ఫాదర్ వేసుకునే కామిచే ఒకే మాట అంటే మొదట నేనూ నమ్మలేదు.

చాపెల్ అనే మాటా బట్ట నుంచే వచ్చింది. 4వ శతాబ్దంలో మార్టిన్ అనే రోమన్ సైనికుడు చలికి వణుకుతున్న బిచ్చగాడికి తన పైవస్త్రాన్ని కోసి సగం ఇచ్చాడని క్రైస్తవుల్లో ప్రసిద్ధమైన కథ. ఆ మిగిలిన ముక్కను తర్వాతి రాజులు భద్రంగా దాచారు. లాటిన్‌లో 'కప్పెల్లా' అంటే చిన్న పైవస్త్రం. దాన్ని ఉంచిన చోటు చాపెల్ అయింది, కాపలా కాసిన గురువులు చాప్లిన్‌లు అయ్యారు. మన పిల్లలు చదివే మిషన్ స్కూళ్లలో చాపెల్ ఉంటుంది. దాని పేరు వెనక ఉన్నది ఒక బిచ్చగాడికి ఇచ్చిన సగం బట్ట.

రోమ్‌లో బాగ్దాద్ పేరు

ఇప్పటిదాకా వాళ్ల మాటలు మనకు ఎలా దగ్గరో చూశాం. మన ఊరి పేరు వాళ్ల దగ్గర ఎలా నిలిచిందో చూడండి. రోమ్‌లోని సెయింట్ పీటర్స్ చర్చిలో ప్రధాన ఆల్టర్ మీద పెద్ద కంచు మండపం ఉంటుంది. 17వ శతాబ్దంలో బెర్నీనీ అనే శిల్పి చేశాడు. ఎత్తు సుమారు 29 మీటర్లు. దాని పేరు 'బాల్దకీనో'. ఇటలీవాళ్లు ఒకప్పుడు బాగ్దాద్‌ని 'బాల్దాక్కో' అనేవాళ్లు. అక్కడి నుంచి వచ్చే ఖరీదైన జరీ పట్టుకు ఆ ఊరి పేరే పెట్టారు. ఆ పట్టుతో ఆల్టర్ మీద గొడుగులా చాందినీ కట్టేవాళ్లు. తర్వాత రాయితో, లోహంతో కట్టినా పేరు అదే ఉండిపోయింది. అంటే క్రైస్తవ ప్రపంచంలో అతి పెద్ద చర్చి నడిబొడ్డున అబ్బాసీ ఖలీఫాల రాజధాని పేరు నిలబడి ఉంది.

పేరే కాదు, బట్ట కూడా పోయింది. ఇటలీలోని ఫెర్మో ఊరి కెథడ్రల్‌లో ఒక పాత చాసుబుల్ ఉంది. అది ముస్లిం స్పెయిన్‌లో తయారైన పట్టు. బంగారు దారంతో నెమళ్లు, ఏనుగులు, మధ్యలో అరబ్బీ అక్షరాలు కుట్టి ఉంటాయి. ముస్లిం పనివాళ్లు కుట్టిన బట్టను క్రైస్తవులు తమ పూజకు వాడుకున్నారు. అందువల్ల వాళ్ల పూజ మన ఇబాదత్ అయిపోలేదు, మన పనివాళ్ల ఈమాన్ పోలేదు.

మన వీధిలో పోర్చుగీసు మాటలు

ఇక మన దగ్గరికి వద్దాం. ఉర్దూలో చర్చిని గిర్జాఘర్ అంటాం. గిర్జా అనేది పోర్చుగీసు 'ఇగ్రేజ'. దాని మూలం గ్రీకు 'ఎక్లేసియా', అంటే జనం గుమిగూడిన సభ. జామె మసీదులో 'జామె' అంటే కూడా జనాన్ని ఒకచోట చేర్చేదనే కదా. పాదిరి కూడా పోర్చుగీసు మాటే, 'పాద్రే' అంటే తండ్రి.

తెలుగు క్రైస్తవులు వాడే 'శిలువ' మాత్రం సిరియాక్ 'స్లీబా' నుంచి తమిళం మీదుగా వచ్చింది. అరబ్బీ 'సలీబ్' దానికి సోదరి.

మా మసీదులో ఖుర్ఆన్ ప్రతులు పెట్టే అలమారా చూస్తే, అదీ పోర్చుగీసు 'అర్మారియో', 'అల్మారియో'. లాటిన్ 'అర్మారియుమ్' నుంచి వచ్చింది, సామాను, ఆయుధాలు దాచే పెట్టె అని అర్థం. పాత ఇంగ్లీషు చర్చిల గోడల్లో పవిత్ర పాత్రలు దాచే అరను 'ఆంబ్రీ' అంటారు, అదీ ఈ మాటే. ఖుర్ఆన్ పెట్టే అలమారా పేరు మార్చాలని ఇంతవరకు ఎవరూ లేవలేదు.

చివరగా, మేస్త్రి. అది పోర్చుగీసు 'మెస్త్రే', అంటే గురువు, పనిలో ఉస్తాద్. ఎవరి చేత మింబర్ చేయించాలా అని మనం గొడవపడిన ఆ మనిషిని పిలిచే మాట కూడా సముద్రం దాటి వచ్చిందే.

జుమా ముందు రోజు

ఇదంతా కాగితం మీద రాసుకుని గురువారం మగ్రిబ్ తర్వాత కమిటీ ముందు చదివాను. కుర్రాడు చివరిదాకా విన్నాడు. "మాటల సంగతి సరే భాయ్, నేను అడిగింది చెయ్యి సంగతి" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

దానికి ఇమామ్ సాబ్ జవాబు చెప్పారు. ప్రవక్త (స) వయసు 35 ఏళ్లున్నప్పుడు ఖురైష్‌లు కాబాను తిరిగి కట్టారు. జిద్దా తీరంలో పగిలిపోయిన ఒక రూమీ ఓడ చెక్కను పైకప్పుకు తెచ్చారు. మక్కాలో ఉన్న ఒక కాప్టు వడ్రంగి ఆ పని చేశాడని ఇబ్నె ఇస్హాఖ్ సీరత్‌లో ఉంది. కాప్టులంటే ఈజిప్టు క్రైస్తవులు. ఆ నిర్మాణంలో హజ్రె అస్వద్‌ని ఎవరు పెట్టాలన్న తగాదా తీర్చింది స్వయంగా ప్రవక్త (స). తర్వాత 8వ శతాబ్దం మొదట్లో ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ మదీనా గవర్నర్‌గా మస్జిదె నబవీని విస్తరించినప్పుడు కూడా రూమీ, కాప్టు పనివాళ్లు పనిచేశారని చరిత్రకారులు రాశారు. గోడలో గూడులా ఉండే మిహ్రాబ్ ఆ మసీదుకు వచ్చింది అప్పుడే.

"ఆ చేతులు సరిపోయినప్పుడు, మన మేస్త్రి చెయ్యి సరిపోదా బేటా?" అన్నారు ఇమామ్ సాబ్. "మింబర్‌కి విలువ చెక్క వల్ల రాదు, పేరు వల్ల రాదు. దాని మీద నిలబడి ఏం మాట్లాడతామో దానివల్ల వస్తుంది." కుర్రాడు తల ఊపాడు. పూర్తిగా ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. కానీ మర్నాడు మేస్త్రి షెడ్డుకి కొలతల కాగితం తీసుకెళ్లింది అతనే.

నాకు అర్థమైంది ఇంతే. మాటలు అప్పు తెచ్చుకోవడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఆ అప్పుకు వడ్డీ ఉండదు, ఇచ్చినవాడి దగ్గర తరిగేదీ లేదు. గురువు నిలబడే అరుగు, కూర్చునే కుర్చీ, చలికి కప్పుకునే బట్ట, చీకట్లో దీపం, ఇవి అందరికీ కావాలి. అందుకే వాటి పేర్లు ఒకరి నుంచి ఒకరికి పోయాయి. మన దీన్ మన దగ్గర భద్రంగా ఉండాలంటే పొరుగువాడి పని ఆపాల్సిన అవసరం లేదు.

మింబర్ మూడు వారాల్లో వచ్చింది. మూడు మెట్లు, ఎక్కడా కిర్రుమనదు. లెక్కలు చూసేది నేనే కాబట్టి మిగతా డబ్బు ఇచ్చి బిల్లు తీసుకున్నాను. అందులో మేస్త్రి తన చేత్తో ఇలా రాశాడు: 'మసీదు పుల్‌పిట్, టేకు, ఒకటి.' సదర్ సాబ్ చదివి, నవ్వి, సంతకం పెట్టారు. ఆ బిల్లు మా ఫైల్లో అలాగే ఉంది.